మా అత్తమ్మ శ్రుతి చేసిన సింథసైజరు

ఆదోని స్టేషన్ రోడ్డులో మా ఆయనకు రేడియో రిపేరు షాపు ఉండేది. ఎనభైల మొదట్లో బళ్ళారి నుంచి ఒక ఆర్కెస్ట్రా ఆయన పాత సింథసైజరు తెచ్చి బాగుచేయమని ఇచ్చి వెళ్ళాడు. నెలలు గడిచినా మళ్ళీ రాలేదు. ఉత్తరం రాస్తే, "కొత్తది కొనుక్కున్నాను, అది నువ్వే ఉంచుకో" అని జవాబు వచ్చింది. అట్లా అది మా ఇంటికి చేరింది.

చూడటానికి హార్మోనియం మెట్లు, వాటిపైన వరసగా తిప్పే బిరడాలు. ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. కానీ ఆ ఒక్క స్వరాన్ని పిల్లనగ్రోవిలా సన్నగా చేయొచ్చు, కప్పలా బెకబెకలాడించొచ్చు, ఆకాశంలోంచి ఏదో జారిపడుతున్నట్టు 'చియ్యూ' మనిపించొచ్చు. నేను బడిలో పాటలు నేర్పే టీచర్ని. సాయంత్రాలు ఇద్దరం దాని ముందు కూర్చుని డిస్కో పాటలు కట్టేవాళ్ళం. 'పత్తి బండి మీదెక్కి పట్నమొచ్చె చందమామ' అని నేను రాస్తే, చందమామ వచ్చిన ప్రతిచోటా ఆయన ఒక చియ్యూ పెట్టేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అంతకు మించిన పాట లేదనుకున్నాం.

మా మామగారు మంత్రాలయం దగ్గర ఒక గుడిలో సేవ చేసేవారు. ఆయన పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చింది. పొద్దున్నే పని చేసుకుంటూ దేవుడి పాటలు పాడుకునేది. శ్రుతిపెట్టె లేకుండానే స్వరం గీత గీసినట్టు నిలబడేది. ఒకరోజు మా పాట విని వంటింట్లోంచి వచ్చింది.

"ఏమప్పా, ఇది పాడుతాండాదా, ఏడుస్తాండాదా?"

"పాడుతాందమ్మా," అన్నాడు ఆయన.

"పైకి పోయింది. రవ్వంత దించు."

హార్మోనియంతో సరిచూస్తే ఆమె చెప్పిందే నిజం. వేడి తగిలితే ఆ మిషన్ శ్రుతి కదిలిపోయేది. ఆదోని ఎండలకు అది కుదురుగా ఉండమంటే ఎట్లా ఉంటుంది? మాకు తెలిసేలోపే ఆమెకు తెలిసిపోయేది. బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండానే "దించు" అనేది, "ఎత్తు" అనేది.

ఆ వేసవిలో ఎమ్మిగనూరులో ఒక శెట్టిగారి ఇంట పెళ్ళికి మమ్మల్ని పాడమన్నారు. మధ్యాహ్నం, షామియానా కింద. అత్తమ్మను కూడా రమ్మన్నాడు మా ఆయన. ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది.

"శుభకార్యానికి నేనెట్ల వచ్చేదప్పా? పెండ్లోళ్ళు ఏమనుకుంటారు?"

"నువ్వు పెండ్లికి కాదమ్మా, మిషన్ కోసం వస్తాండావు. ఆ ఎండలో నువ్వు లేకుంటే శ్రుతి యాడ పోతాందో నాకు తెలీదు."

బస్సులో సింథసైజరును ముగ్గురం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. ఆమె ఎవరికీ కనపడకుండా స్పీకరు పెట్టె వెనక, కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాటకు స్వరం పైకి పాకడం మొదలైంది. నేను గొంతు ఎత్తుతూ దాని వెంట పరుగెత్తాను. పాట వేగానికి ఆయన రెండు చేతులూ మెట్ల మీదే ఉన్నాయి, బిరడా తిప్పే వీలు లేదు. ముందు వరసలో నవ్వులు వినపడ్డాయి. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను.

అప్పుడు అత్తమ్మ లేచింది. ఎవరిదో విసనకర్ర అందుకుని స్టేజీ మీదికి వచ్చి, మిషన్‌కు విసరడం మొదలుపెట్టింది. రెండో చేత్తో శ్రుతి బిరడా పట్టుకుని మెల్లగా దించింది. నా గొంతు, మిషన్ గొంతు ఒక్కటయ్యాయి. ఇంకొంచెం దించబోయి ఆమె పక్క బిరడా తిప్పేసింది. పాట మధ్యలో పెద్దగా 'చియ్యూ'! పిల్లలు కేకలు పెట్టారు. "అవ్వా, ఇంగోసారి!" అని అరిచారు. ఆమె బిత్తరపోయి మా ఆయన వైపు చూసింది. ఆయన నవ్వుతూ తలూపాడు. ఈసారి కావాలనే తిప్పింది.

పాటలయ్యాక ఆమె మళ్ళీ స్పీకరు వెనక్కే పోయింది. పెళ్ళికూతురు నాయనమ్మ వెతుక్కుంటూ వచ్చి, "ఏమక్కా, ఈడ దాక్కున్యావు? రా, మా పిల్ల నీ కాళ్ళకు మొక్కల్లంట," అంది. అత్తమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నేను వద్దమ్మా..." అంటుండగానే ఆ పిల్ల వంగింది. కాసేపు గాల్లోనే ఆగిన ఆమె చెయ్యి, చివరికి ఆ పిల్ల తల మీద వాలింది.

తిరుగు బస్సులో ఆమె మిషన్‌ను తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఆదోని దగ్గరపడ్డాక, "ఆ చియ్యూ బిరడా రేపు నాకు సరిగ్గా సూపీ," అంది.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు మమ్మల్ని పిలవడానికి వచ్చినవాళ్ళు, "అవ్వ వస్తాదా?" అని ముందే అడిగేవాళ్ళు. ఆలూరు దాకా, చుట్టుపక్కల పల్లెల దాకా మాతో తిరిగింది.

తర్వాత కొత్తరకం కీబోర్డులు వచ్చాయి. ఎండైనా వానైనా వాటి శ్రుతి కదలదు. మేమూ ఒకటి తెచ్చుకున్నాం. మొదటిరోజు అత్తమ్మ దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడింది. మా ఆయన ఒక స్వరం నొక్కాడు, నేను దానితో గొంతు కలిపాను. "సరిగా ఉందామ్మా?" అని అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నది.

"మిషన్ బాగనే ఉంది," అంది. "నీ పెండ్లాం పైస్థాయిలో జారుతాంది. ఆమెకు సెప్పు."

ఆయన పడీపడీ నవ్వాడు. నేను మూతి ముడుచుకున్నాను. మరునాటి పొద్దున ఆమె పాడుకుంటుంటే పక్కన కూర్చుని, ఆ పైస్థాయి ఎట్లా నిలబెట్టాలో నేర్పమని అడిగాను.