మా ఇంటి గుట్టు కంప్యూటర్ బయటపెట్టింది

మా అమ్మాయికి విశేషం. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని మా ఆవిడ మరీమరీ చెప్పిందండి.

ఇవాళ పక్కింటి చెల్లెమ్మ రాజమండ్రి రైలు టికెట్ చూడమని వచ్చింది. కంప్యూటర్లో ఏ పేజీ తెరిచినా పక్కన పసిపిల్లల ఉయ్యాలల ప్రకటనలే.

"ఏంటన్నయ్యగారూ, ఇవన్నీ ఎవరికి?"

"నేను ఊగడానికేనమ్మా."

నమ్మలేదు. మా ఆవిడ నావంక అనుమానంగా చూసింది. సంతోషం పట్టలేక మొన్న ఒక్క ఉయ్యాల వెతికాను, అంతేనండి.

అల్లుడుగారు ఫోన్లో చెబుతుంటే, మనం చూసినవి గుర్తుపెట్టుకుని వెంటపడే ఆ కుకీలన్నీ తుడిచేసి, మళ్ళీ చేరకుండా సెట్టింగ్ మార్చాను. అయినా నమ్మకం లేక కెమెరాకి మా ఆవిడ బొట్టుబిళ్ళ అంటించాను.

"పక్కింటికి తెలిశాక ఇంకేం గుట్టు, నువ్వే చెప్పుకో నాన్నా" అంది ఫోన్లోనే అమ్మాయి.

తాతనవుతున్నానండి! దీవించండి. కాస్త మెల్లగా దీవించండి, కంప్యూటర్ ఇంకా వింటోందేమోనని నా అనుమానం.