ఎదురుకాళ్ళు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను, తల కంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా తాడేపల్లిగూడెంలో ఇప్పటికీ నమ్ముతారు. చిన్నప్పట్నుంచీ ఎంతమంది నడుములు తొక్కానో!

కిందటేడాది ఏలూరు నుంచి మా వదినగారు వచ్చారు. ఆవిడకి నాలుగేళ్ళ కిందట రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయింది. పూర్తిగా తగ్గిపోయిందనే అనుకున్నాం.

"నెల్లాళ్ళుగా నడుం నొప్పమ్మా. పడుకున్నా తగ్గట్లేదు. ఓసారి తొక్కమ్మా" అంటూ చాప మీద బోర్లా పడుకున్నారు.

పెద్దావిడ కదా, దణ్ణం పెట్టుకుని కాలు ఆనించానంతే. ఆవిడ పెట్టిన కేకకి వీధిలోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

స్కానింగ్ చూసి డాక్టరుగారు, "ఆ కేన్సరే వెన్నెముకలోకి పాకిందండీ. ఎముక గుల్లబారింది. గట్టిగా తొక్కి ఉంటే కాళ్ళు పడిపోయేవి. ఎవరండీ తొక్కింది?" అన్నారు.

"నేనే తొక్కమన్నానండీ" అన్నారు వదినగారు.

రేడియేషన్ ఇచ్చారు. మాత్రలు, ఎముకల ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. జబ్బు పూర్తిగా పోదట, అదుపులో ఉంచుతారట.

మొన్న పక్కింటావిడ నడుం పట్టుకుని వచ్చింది. "ముందు డాక్టరుకి చూపించుకోండి" అన్నాను. "నడుం నొప్పికి డాక్టరేంటండీ!" అని నవ్వింది.

నేను కాళ్ళు కుచ్చిళ్ళ కిందకి లాక్కున్నాను.