యాభై గాలన్ల తీర్థంతో నోవై దాకా

కార్పెట్లు కడిగే వ్యాన్‌లో, నడి చలికాలంలో, నార్త్ కరోలినా నుంచి మిషిగన్ వెళ్ళాలనుకునేవారు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఒక్కరున్నా సరే, వారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా తమ్ముడు రఘు మిషిగన్‌లోని నోవైలో ఉంటాడు. వేసవిలో వాడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. నెలల తరబడి ఇంటర్వ్యూలు ఇచ్చి విసిగిపోయి, ఇక రెజ్యూమె పంపేది లేదు, కార్పెట్ క్లీనింగ్ వ్యాపారం పెడతానని ప్రకటించాడు. మంచు కరగడానికి మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పుకి అక్కడి బళ్ళన్నీ తుప్పు పట్టి ఉంటాయట. అందుకని నార్త్ కరోలినాలో మేముండే మోరిస్‌విల్ వైపు ఒక పాత వ్యాన్ వెతికి, చేతిలో ఉన్నదంతా దాని మీద పెట్టాడు. అందులో నీళ్ళ ట్యాంకు, ఆ నీళ్ళను కార్పెట్ మీదికి చిమ్మే పంపు, తడిని వెనక్కి లాగే వాక్యూమ్ ఉన్నాయి. శనివారం పొద్దున నోవైలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో మొదటి పని. అది కుదిరితే ఏడాది కాంట్రాక్టు. కుదరకపోతే మళ్ళీ రెజ్యూమెలే.

బండి తీసుకెళ్ళడానికి వాడు మా ఇంటికి వచ్చాక, బుధవారం సాయంత్రం మా ఊరి గుడిలో వాహన పూజ పెట్టుకున్నాం. బయలుదేరబోతుంటే నోవై నుంచి మా మరదలు సునీత వీడియో కాల్ చేసింది.

"ట్యాంక్ ఖాళీగా ఉందేంటండీ? పూజకి ఎంప్టీ ట్యాంక్‌తోనా వెళ్ళేది? ఫుల్ చెయ్యండి."

మా పెరటి కుళాయికి హోస్ తగిలించి నేనే యాభై గాలన్లూ నింపాను. గుడిలో పూజారిగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, చివరగా కలశంలోని నీళ్ళు ట్యాంకులో పోశారు. దాంతో ట్యాంకులో ఉన్నదంతా తీర్థమైపోయింది. నేను కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. చెంబెడు నీళ్ళు యాభై గాలన్లలో కలిస్తే ఎంత పలచనవుతాయో పిల్లలచేత లెక్క కట్టించగలను. పూజారిగారి ముందు మాత్రం రెండు చేతులూ జోడించాను.

గురువారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. దారిలో రఘు నిద్రపోకుండా చూడమని సునీత నన్ను తోడు పంపింది. డబ్బా నిండా పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. మామూలుగా పదకొండు గంటల దారి. వెనక నీళ్ళు తొణుకుతున్నాయని రఘు పెళ్ళివారి బండిలా నడపడంతో మాకది రెండు రోజుల దారి అయింది.

వర్జీనియాలో ఫ్యాన్సీ గ్యాప్ కొండ ఎక్కేసరికి అద్దాల మీద మంచు పడటం మొదలైంది. రాత్రికి ఒహాయోలో సున్నాకి చాలా కిందకి పోతుందని ఫోన్ చెప్పింది.

"ఆ నీళ్ళు వదిలెయ్యరా," అన్నాను.

"తీర్థం అక్కా. రోడ్డు మీద పారబోస్తామా?"

"పోనీ, గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ కలుపు."

"తీర్థంలో యాంటీఫ్రీజా?" అని నా వైపు చూసిన చూపు, వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజరుకి కూడా దక్కి ఉండదు.

"సరే, సునీతనే అడుగు."

"అడిగితే, ఇంత చిన్నదానికి నన్నెందుకు అడిగారంటుంది."

వెస్ట్ వర్జీనియాలో మూడుచోట్ల టోల్ కట్టాలి. కాబట్టి వెళ్ళేవారు చేతికందేలా డబ్బు పెట్టుకోండి. బెక్లీ దగ్గర పెట్రోలు పోయించుకుంటుంటే ఒక ట్రక్కు డ్రైవరు మా బండి మీది రాతలు చదివి, తన ట్రక్కులో మ్యాట్లు కడుగుతారా అని అడిగాడు. రఘు పొంగిపోయి కార్డు ఇచ్చాడు. ఆయన ఉండేది అక్కడ, కార్డు మీదున్నది మిషిగన్. ఇద్దరూ సంతోషంగానే విడిపోయారు.

చీకటి పడుతుండగా చిల్లికాథీ దగ్గర ఒక మోటెల్‌లో దిగాం. వ్యాన్‌లో హీటర్ పెట్టాలి, కిటికీలోంచి కరెంటు వైరు లాక్కుంటామని రఘు అడిగాడు. కౌంటర్ దగ్గరున్న గుజరాతీ ఆవిడ అనుమానంగా చూసింది.

"లోపల కుక్క ఉందా? పెట్ ఫీజు వేరే."

"కాదు మేడమ్, నీళ్ళు."

ఆవిడ ఫీజుల కాగితం ఒకసారి చూసి, "నీళ్ళకి ఫీజు లేదు," అని తాళం ఇచ్చింది.

రఘు దారిలో కొన్న చిన్న హీటర్ ట్యాంకు పక్కనే పెట్టాడు. నా ఊలు శాలువా, గదిలోని రెండు దుప్పట్లలో ఒకటి ట్యాంకుకి కప్పాడు. మిగిలిన దుప్పటి నాకిచ్చి, వాడు కోటుతోనే పడుకున్నాడు. ఆ ట్యాంకుకి జరిగిన మర్యాద మా ఇంటికొచ్చిన ఏ అల్లుడికీ జరగలేదు.

తెల్లారి తలుపు తీసి చూస్తే ట్యాంకులో నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. రఘు నా వైపు గర్వంగా చూశాడు. తర్వాత వెనక తలుపు పక్కనున్న పంపు వైపు చూశాడు. దాని ఒంటి మీద నిలువునా పగులు, అందులోంచి తొంగిచూస్తూ మంచు. యాభై గాలన్లకు కాపలా కాసి, పంపు కడుపులో ఉన్న గ్లాసెడు నీళ్ళను మరిచిపోయాం. గడ్డకడితే నీళ్ళు ఉబ్బుతాయని ప్రతి సెమిస్టరులోనూ చెప్పే నాకూ తట్టలేదు. రఘు ఆ పగులు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. అప్పటిదాకా వాణ్ణి ఎంత వెక్కిరించినా, ఆ ముఖం చూడలేకపోయాను.

ఒహాయో చివర టొలీడో దగ్గర రఘు బండి ఆపి అపార్ట్‌మెంట్ మేనేజరుకి ఫోన్ చేశాడు. కొత్త పంపు వచ్చేదాకా ఆగలేమని, వేరేవాళ్ళని పిలుచుకుంటామని ఆవిడ మర్యాదగానే చెప్పింది.

మధ్యాహ్నానికి నోవై చేరాం. సునీత అంతా విని, "చెట్టు మొదట్లో పోస్తే సరిపోయేదిగా వదినా. దారి పొడుగునా ఒక్క చెట్టూ లేదా?" అంది. ఏడు వందల మైళ్ళూ అడవే. ముగ్గురం కలిసి వాళ్ళ ఇంటి ముందున్న మేపుల్ చెట్టు మొదట్లో తీర్థమంతా పోశాం. అది వెంటనే గడ్డకట్టి, మర్నాడు నేను దాని మీదే జారి పడ్డాను.

ఆ సాయంత్రమే రఘుకి ఫోన్ వచ్చింది. వాళ్ళ వీధిలోని గుండె డాక్టరుగారి కూతురు ప్రియ. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, వేరే ఊళ్ళో ఉంటూ ఇల్లు చూసిపోదామని వచ్చిందట.

"రఘు అంకుల్, డాడీ వాళ్ళు ఇండియాలో ఉన్నారు కదా. హౌస్‌లో పైప్ పగిలింది. బేస్‌మెంట్ అంతా వాటర్ ఉంది. మీ వ్యాన్ వాటర్ తీస్తుందా?"

డాక్టరుగారు రెండు నెలలు హైదరాబాద్ వెళుతూ, గ్యాస్ బిల్లు దండగని ఇంట్లో హీటు పూర్తిగా ఆపేసి వెళ్ళారట. ఊరందరి గుండె గొట్టాలూ చూసే మనిషికి సొంత ఇంటి గొట్టాలు గుర్తు రాలేదు. నీళ్ళు చిమ్మాలంటే పంపు కావాలి. లాగడానికి వాక్యూమ్ చాలు, దానికి మోటారు వేరే. రఘు అన్నం సగంలో వదిలేసి పరిగెత్తాడు. శనివారం అదే కాలనీలో ఇంకో రెండిళ్ళు తేలాయి. వాళ్ళూ ఇండియాలోనే, వాళ్ళూ హీటు ఆపినవాళ్ళే. మా తమ్ముడి తెలివితక్కువతనాన్ని ఊరి తెలివితక్కువతనం ఆదుకుంది. బురదకాళ్ళతో ఇంటికొచ్చిన రఘు వేసవి తర్వాత మొదటిసారి ఆకలిగా తిన్నాడు. చూసి నాకు కడుపు నిండింది.

ఆదివారం డెట్రాయిట్‌లో విమానం ఎక్కాను. గంటన్నర ప్రయాణం, గుప్పెడు బిస్కెట్లు. చదువుకున్నవాళ్ళకి చలి గురించి ఎవరూ ఏమీ నేర్పలేరని ఈ యాత్రలో నాకు కలిగిన అభిప్రాయం. ఎయిర్‌పోర్టు నుంచి కారులో వస్తూ మా వారికి తీర్థం, దుప్పటి, డాక్టరుగారు అన్నీ అభినయించి మరీ చెప్పాను. ఆయన ఒక్కసారీ నవ్వలేదు.

"మనకీ రెండు రాత్రులు ఫ్రీజ్ అయింది," అన్నారు ఇంటి తలుపు తీస్తూ. "ఇవాళ ఎండ వచ్చిందని కారు కడుగుదామని పెరటి కుళాయి తిప్పాను. నీళ్ళు బయటికి రాలేదు, ఫ్యామిలీ రూమ్‌లోకి వచ్చాయి. ఆ హోస్ విప్పకుండానే వెళ్ళావు. నీళ్ళు లోపలే నిలిచి పైపు పగిలింది."

కార్పెట్ మీద కాలు పెడితే సాక్సు తడిసిపోయింది.

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి," అన్నారాయన. "ఈసారి ట్యాంకు నింపకుండా రమ్మను."