సైడ్ ఇచ్చిన బండి

నర్సింగన్న వ్యానెక్కే ఆడవాళ్లలో ఆయన్ని తిట్టనివాళ్లు లేరు. రుద్రారం నుంచి మా మందుల ఫ్యాక్టరీ గేటు దాకా ఆయన నడిపితే సైకిళ్లు కూడా దాటిపోతాయని ఆగమ్మ రోజూ అంటుంది. ప్యాకింగులో అందరికన్నా పెద్దది ఆవిడే, నోరూ ఆవిడదే. "నర్సింగా, దిగి ఎన్కకెళ్లి నూకాల్నా?" అంటే వ్యానంతా నవ్వేది. ఆయన తల తిప్పేవాడు కాదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. వెనక ఎవరైనా హారన్ కొడితే కుడిచేయి కిటికీలోంచి బయటపెట్టి, పొమ్మని ఊపి, ఎడమకు జరిగేవాడు. లారీ మీద క్లీనరుగా ఉన్నప్పుడు డ్రైవరు ఉస్తాద్ కొట్టి నేర్పిన అలవాటు. మా దారంతా ఇరుకు, కల్వర్టు దాటాక కాస్త వెడల్పు. అందుకని ఎప్పుడూ అక్కడే సైడ్ ఇచ్చేవాడు. మొన్న ఎండాకాలంలో సరిగ్గా అక్కడే వేగం పట్టే కెమెరా స్తంభం నాటారు.

అలాంటి మనిషికి అతివేగమని చలాన్ వచ్చింది. ఆ రోజు ఆగమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మళ్లీ వచ్చింది, ఆ తర్వాత మళ్లీ. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఫ్యాక్టరీ బండ్ల వ్యవహారం చూసే త్రినాథరావు ఆయన్ని గేటు దగ్గర, అందరి ముందే నిలబెట్టాడు.

"ఫోటో ఉంది, నంబరు ఉంది. మిషన్ అబద్ధం చెప్తుందా?"

"నా బండి అంత ఉర్కదు సారు. ఎక్కినోళ్లను అడుగుండ్రి."

త్రినాథరావు మా వైపు చూశాడు. ఎవరమూ నోరు విప్పలేదు. త్రినాథరావు సారు ముందు మాట్లాడితే మా పేర్లు గుర్తుపెట్టుకుంటాడని భయం. పైగా, మేము దిగాక ఉరికిస్తాడేమో ఎవరు చూశారని ఆగమ్మ గొణిగింది. ఇంకొక్క చలాన్ వస్తే రూటు తీసి ఇంకో డ్రైవరు చంద్రకాంత్‌కి ఇస్తానని చెప్పి త్రినాథరావు లోపలికి వెళ్లిపోయాడు.

చలాన్లు తప్పని నర్సింగన్న ఫిర్యాదు పెట్టాడు. కెమెరాలు చూసుకునే కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. లక్షల ఫోటోలు చూపించి మిషన్‌కు నేర్పించామని, ఇంకా నేర్చుకుంటోందని, తప్పులు తగ్గుతున్నాయని చెప్పాడు. "అది నేర్సుకునేదాక నా రూటు ఉంటదా సారు?" అని ఈయన అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

నేను డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటాను. తొమ్మిదో తరగతితో చదువు ఆగినా చలాన్ చదవగలనని నర్సింగన్న ఫోన్ నా చేతికిచ్చాడు. ఒక్కొక్క ఫోటోనే చూశాను. అన్నింట్లోనూ మా వ్యాను సైడ్ ఇస్తూ తన ఎడమకు జరిగి ఉంది. దాన్ని దాటుతూ ఫోటో అంచున ఒకసారి బస్సు ముక్కు, ఒకసారి టిప్పరు ముక్కు. వాటి నంబర్లు ఫోటోలో పడలేదు, మాది నిండుగా పడింది. ఉరికింది వాళ్లు. మిషన్ ఆ వేగాన్ని మా నంబరుకు అంటగట్టింది.

"అన్నా, స్తంభం కాడ సైడ్ ఇయ్యకు," అన్నాను మెల్లగా.

బూతు మాట విన్నట్టు చూశాడు. "ఎన్క ఉన్నోడు ఏమనుకుంటడు చెల్లె?"

"ఇస్తే రూటు పోతది."

మర్నాడు కల్వర్టు దగ్గర ఒక కంపెనీ బస్సు వెనక నుంచి హారన్ కొట్టింది. ఆయన కుడిచేయి స్టీరింగు వదిలి కిటికీ దాకా పోయి వెనక్కి వచ్చింది. వ్యాను జరగలేదు. బస్సు ఆగకుండా హారన్ మోత పెట్టి, చివరికి ఎడమ పక్క మట్టిలోకి దిగి దాటింది. దాని డ్రైవరు తల బయటపెట్టి నర్సింగన్న తల్లిని తిట్టాడు. మమ్మల్ని చంపుతావా అని వ్యానులో ఆడవాళ్లూ తిట్టారు. ఆయన మెడ మీద చెమట కారుతోంది.

తర్వాత చలాన్ రాలేదు. రూటు నిలిచింది. భయం ఉంటేనే బుద్ధి వస్తుందని త్రినాథరావు గేటు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు నర్సింగన్న ఎక్కడా సైడ్ ఇవ్వడు. నిన్న వెనక టిప్పరు మీదికొస్తుంటే ఆగమ్మ బతిమాలింది. "జెర జరగరాదు నర్సింగా. మా పానాలు తీస్తవా ఏంది?"

"ఇన్ని దినాలు పక్కకు జరిగిన," అన్నాడాయన అద్దంలో మమ్మల్ని చూస్తూ. "ఆనాడు గేటు కాడ ఒక్కలన్న నోరు తెరిసిండ్రా?"

ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టిప్పరు హారన్ కొడుతూనే ఉంది. వ్యాను రోడ్డు నడుమనే పోతోంది.