గంజాయి మంట దగ్గర డ్యూటీ

అరవై ఐదు యుద్ధం తర్వాత మూడో శివరాత్రి వెళ్లిన వారం తార్నాకలో బస్సు దిగాను. భుజాన బెడ్డింగు, చేతిలో నల్ల ట్రంకు. యూనివర్సిటీ పిల్లలకు డ్రిల్లు నేర్పే డ్యూటీ. మైదానం పక్కన రేకుల గది, దాని వెనక రాళ్ల గుట్ట, తూర్పున హాస్టళ్లు. సరిహద్దు చూసొచ్చినవాడికి ఇది అత్తారింటి మర్యాదే అనుకున్నాను. ఆ ముచ్చట నెల కూడా నిలవలేదు.

గదిలో నాతోపాటు సిగ్నల్ దళం నాయక్ ఒకడు ఉండేవాడు. జనగామ వైపు రైతుబిడ్డ. యుద్ధంలో తొడలో ఇనుప ముక్క దిగింది. ఆ నొప్పికి ఆసుపత్రిలో ఎవడో గంజాయి మప్పాడు. ఉగాది నాడు ఇక మానేస్తానని చిలుం గొట్టం పట్టుకెళ్లి గుట్టమీద రాయికేసి కొట్టాడు.

"బయటపడితే మెడికల్ బోర్డుకు పెట్టి ఇంటికి తోల్తరన్నా. పింఛను గూడ రాదు. పిల్లలున్నరు నాకు," అన్నాడు.

అప్పట్నుంచి వాడికి నిద్ర లేదు, వాడి మూలంగా నాకూ లేదు. చేతులు వణికినప్పుడల్లా ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి చాయ్ తాగించేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే సర్కారుకు మత్తు మీద కోపం వచ్చింది. హాస్టళ్లలో సోదాలు చేశారు. డాక్టరు చీటీ లేనిదే నిద్రమాత్రలు అమ్మొద్దన్నారు. గోడలనిండా పోస్టర్లు. చివరికి పట్టుకున్న గంజాయిని విద్యార్థుల కళ్లముందే కాల్చాలని ఎవరో పెద్దమనిషికి తోచింది. అదీ మా మైదానంలోనే. నీళ్ల బకెట్లు, రెండు వైర్‌లెస్ సెట్లతో మాకు కాపలా పడింది.

సాయంత్రం ఐదింటికి మూటలు కుప్ప పోశారు. పడమర షామియానా కింద అధికారులు. అక్కడ ఒక సెట్‌తో నేను, పక్కన మా సుబేదారు. కుప్పకు తూర్పున రెండో సెట్‌తో నాయక్, వాడి వెనక విద్యార్థులు. చిటికెడు మట్టి తీసి వదిలాను. పడమటి గాలి. పొగంతా నాయక్ మీదికేనని సుబేదారు వైపు తిరిగాను.

"సాబ్, పొగ అటే పోతది. జర జాగ మారుద్దాం."

"కుర్చీలేసినం, సాబులు కూసున్నరు. గాలికి నేనేం ఆర్డరిస్త? ముట్టియ్యమను."

ముట్టించారు. పొగ లేచి నాయక్‌ను కమ్మేసింది. వెనక పిల్లలు "ఫ్రీ సార్, ఫ్రీ!" అని కేకలేస్తూ ముందుకు జరిగారు. నా హెడ్‌ఫోన్‌లో వాడి గొంతు గరగరలాడింది.

"అన్నా, నోట్ల నీళ్లూరుతున్నయి. నాతోని అయితలేదు. ఓవర్."

నేను నోరు తెరిచేలోపే వాడు సెట్ కింద పెట్టి బకెట్ అందుకున్నాడు. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. మంట చుయ్యిమని ఆరిపోయింది.

"చూశారా, సరుకు మిగుల్చుకుంటున్నాడు!" అని కుర్చీల్లోంచి ఒకాయన అరిచాడు.

వాణ్ణి షామియానా కిందికి తెచ్చారు.

"ఎందుకార్పినవ్‌రా?" అన్నాడు సుబేదారు.

నిజం చెబితే వాడు గంజాయికోరు, చెప్పకపోతే దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నేనే ఆర్పమన్న సాబ్. పొగ పిల్లల మీదికి పోతున్నదని సెట్‌ల చెప్పిన," అన్నాను.

నేను పెదవి విప్పలేదని సుబేదారుకు తెలుసు. మొదటినుంచీ నా పక్కనే నిలబడ్డాడు. నాకేసి ఓసారి చూశాడు. తర్వాత కుర్చీల వైపు తిరిగాడు.

"అవ్ సార్. నేను గూడ విన్న."

అడగకుండా ఆర్డరిచ్చానని నా చేతి చారల్లో ఒకటి ఊడి హోదా తగ్గింది. మిగిలిన సరుకును మర్నాడు మౌలాలి అవతల, కుర్చీలు లేకుండా కాల్చారు.

డ్యూటీ ముగిసి ఇంటికి బయల్దేరిన రోజు నాయక్ సికింద్రాబాద్ స్టేషన్‌కొచ్చాడు. మళ్లీ ముట్టనని నా చేతిలో ఒట్టేశాడు. వాడు గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది. అయినా ఆ ఒట్టు నమ్మాను.

ఎందుకంటే మంట ఆరాక వాడు చేసిన పని నేను చూశాను. ఆవిరితో కలిసి పొగ ఇంకా లేస్తూనే ఉంది. పరుగెత్తడానికి వీల్లేదు, అది వాడి పోస్టు. అందరూ చూస్తుండగా, పిల్లలు నవ్వుతుండగా, ఖాళీ బకెట్‌ను రెండు చేతులా ఎత్తి, పొగ అందకుండా అందులో మొహం దాచుకున్నాడు. కాళ్లు మాత్రం సావధాన్‌లోనే ఉన్నాయి.