యాదగిరి గారి ఎదుటి కుర్చీ

పాత ఫైలు సర్దుతుంటే కార్బన్ కాగితం ఒకటి జారి ఒళ్లో పడింది. తీసి పక్కన పెట్టేలోగా వేళ్లకు నీలం అంటింది, ఆ మైనపు వాసన ముక్కుకు తగిలింది. నారాయణగూడలో ఒక మేడమెట్ల కింద టైపు మిషను పెట్టుకుని కూర్చునే యాదగిరి గారు గుర్తొచ్చారు. ఆయన వేళ్లెప్పుడూ ఇదే రంగులో ఉండేవి.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి, స్నేహితురాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం. అశోక్‌నగర్‌లో నిన్నటిదాకా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగే నన్ను చూసి తల తిప్పుకునేవారు. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో గడిపి, ఒక్క మాటా మాట్లాడకుండా ఇల్లు చేరిన రోజులున్నాయి. అంతర్జాతీయ వ్యవహారాల్లో ఎం.ఏ. చేయాలని నా కోరిక. లండన్‌లోనా, ఢిల్లీలోనా అన్నదే తేలలేదు. లండన్ దరఖాస్తు ఆ వారమే పోస్టులో పడాలి. రెండు దరఖాస్తులూ రాసుకుని యాదగిరి గారి దగ్గరకు వెళ్లాను.

ఆయనకో పట్టింపు ఉండేది. ఇంగ్లీషు కాగితం ఏది తెచ్చినా, ఎదుటి కుర్చీలో కూర్చుని అందులో ఏముందో ముందు తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే టైపు చేయరు. ఇదేం చాదస్తమని విసుక్కున్నాను. నిజానికి లండన్ కాగితంలో సగం ఆ యూనివర్సిటీ వాళ్లు పంపిన పుస్తకంలోంచి ఎత్తి రాసిందే.

“లండన్‌ల ఎందుకు చదువుతనంటున్నవ్, చెప్పు బిడ్డా.”

“అక్కడ... విశాల దృక్పథం...” అంటూ కాగితంలోకి చూశాను.

“గదేందో నాకు సమజ్ కాలే. జర మళ్ల చెప్పు.”

“ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడడం లేదండీ” అన్నాను. దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

ఆయన మిషను మీంచి చేతులు తీశారు. “మరి అక్కడ మాట్లాడెటోళ్లు ఉన్నరా?”

ఎవరూ లేరు.

“సరే, ఢిల్లీది చెప్పు.”

సరిహద్దుల గురించి, ఇరుగుపొరుగు దేశాల మధ్య నిన్నటి స్నేహం ఇవాళ పగగా ఎలా మారుతుందో అరగంట చెప్పాను. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆయన అడ్డు రాకుండా విని, ఢిల్లీ దరఖాస్తు టైపు చేశారు. లండన్‌ది తిరిగిచ్చి, “గిది గూడ కొడ్త. నీ మాటలు రాసుకొని తే” అన్నారు. నేను మళ్లీ తీసుకెళ్లలేదు. అప్పటికే ఆయన కొడుకు ఆ ఉద్యమంలో పాల్గొని జైల్లో ఉన్నాడని తర్వాతెప్పుడో తెలిసింది.

ఢిల్లీలో సీటు వచ్చింది కానీ, అక్కడా ఒంటరితనం తప్పలేదు. లండన్ వెళ్లి ఉంటే ఏమయ్యేదోనన్న బెంగ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. మొదటి సెలవులకు వచ్చేసరికి మెట్ల కింద ఆయన లేరు. ఎక్కడికి వెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఉద్యోగమంతా ఇంగ్లీషు కాగితాలతోనే గడిచింది. ఈనాటికీ దేని మీదైనా సంతకం పెట్టే ముందు అందులో ఏముందో తెలుగులో పైకి చెప్పుకుంటాను. ఇంట్లో వినేవాళ్లు లేరు. ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని, దానికే చెబుతాను.