ఎర్ర ముక్క ఎవరిది?

ఆ ఆదివారం మధ్యాహ్నం మార్కాపురంలోని మా ముందుగదిలో ఉన్నవాళ్లు ఆరుగురు: నాయన, అమ్మ, నాయనమ్మ, బాబాయ్, చెల్లెలు, నేను. ఉన్న వస్తువులు: సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి, దానిమీద కప్పే పూలగుడ్డ, కుర్చీలు మూడు, నులక మంచం ఒకటి, చర్చి నుంచి వచ్చాక ఎవరూ లోపల పెట్టని బైబిళ్లు రెండు. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నా ఫోన్‌లో వేసుకున్న ఖర్చుల యాప్, నేను అడగకుండానే నెల ఖర్చునంతా గుండ్రటి చార్టుగా గీసి, పక్కన ప్రతి పద్దు పేరునూ శుభ్రమైన తెలుగు అక్షరాల్లో చూపించింది. మేం చదువుకునే రోజుల్లో కంప్యూటర్ తెరమీద తెలుగు కనపడటం ఎంత గండమో నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు.

అప్పుడు నేను డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. చెల్లెలికి ఒంగోలులో నర్సింగ్ సీటు వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే నాయన, ఈ ఏడాదికి కుదరదన్నాడు. డబ్బు ఎటు పోతున్నదో తెలిస్తే అక్కడ తగ్గించవచ్చునని నాకు తోచింది. మా ఇంట్లో మేకుకు వేలాడే నోటుపుస్తకం ఒకటి ఉండేది, ఖర్చు పెట్టినవాళ్లే అందులో రాసేవాళ్లు. ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికితే తెచ్చి, ఏడాది ఖర్చులన్నీ ఎనిమిది పద్దుల కింద, అమ్మ చదవడానికి వీలుగా తెలుగులోనే ఎక్కించాను. ఎక్కించానే గాని కూడలేదు. కూడటం యంత్రం పని కదా.

అందరినీ కూర్చోబెట్టి బటన్ నొక్కితే ఎనిమిది రంగుల ముక్కలతో చార్టు వచ్చింది, పేర్లు మాత్రం రాలేదు. ప్రతి రంగు పక్కనా అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వరసగా నిలబడ్డాయి. ఒక ఎర్ర ముక్క ఒక్కటే దాదాపు మూడోవంతు ఆక్రమించుకుని ఉంది.

"ఏందిరా ఆ డబ్బాలు? ఎర్రది ఎవురిది?" అన్నాడు నాయన.

ఒక్క నిమిషం ఆగమని పనిలో దిగాను. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాను. కంప్యూటర్‌నే ఆపి మళ్లీ వేశాను. గుండ్రటి చార్టును నిలువు కడ్డీలుగా మారిస్తే డబ్బాలు కడ్డీల కిందకి వచ్చి కూర్చున్నాయి. ఈలోగా నా వెనక వేరే విచారణ మొదలైంది.

ముందుగా నోరు విప్పింది నాయనమ్మ. "ఎర్రగా ఉండాదంటే అది నా ఆకూవక్కేలే అబ్బయ్యా. రేపట్నించి రోజుకు రెండు చాలు నాకు."

కొనకనమిట్ల దారిలో షేర్ ఆటో తోలే బాబాయ్‌కి, తల్లి అంతమాట అనేసరికి మనసు నిలవలేదు. "నీ ఆకులకు అంత ముక్క ఎట్లొస్తాదమ్మా? అది నా బిర్యానీ. వారానికి నాలుగుసార్లు తింటాండా."

"నాలుగుసార్లా!" అంది అమ్మ. "ఇంటికొచ్చి ఆకలి లేదు వదినా అంటే, జ్వరమేమో అనుకుంటి గదయ్యా!"

బాబాయ్‌ని ఏదో అనబోయిన నాయన, ఎందుకో గొంతు సవరించుకుని, రెండేళ్ల కింద పాస్టరుగారి ముందు మానేసిన బీడీలు నిజానికి మానలేదనీ, చిల్లర అని రాసినవన్నీ అవేననీ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అమ్మ, ఎవరూ అడగకుండానే, వాయిదాల మీద కొన్న స్టీలు సామాను మాట బయటపెట్టింది. ఎవరెంత తగ్గిస్తారో, చేతిలో ఉన్నదానికి, ఆ వాయిదాలకని అమ్మ దాచిన డబ్బు చేరిస్తే ఎంతవుతుందో నాయన వేళ్లమీద లెక్కపెట్టసాగాడు. లెక్క ఫీజుకు దగ్గరపడుతోంది.

సరిగ్గా అప్పుడే నాకు చార్టుకు విడిగా ఫాంటు ఉంటుందని తట్టింది. వెతికి మార్చగానే డబ్బాలు మాయమై అక్షరాలు వచ్చాయి. ఎర్ర ముక్క పక్కన ఉన్న మాట: నీళ్లు. బోరు ఎండినప్పటి నుంచి వచ్చిన ట్యాంకర్లు, కొన్న క్యాన్లు, ఇంట్లో ఎవరుంటే వాళ్లు డబ్బిచ్చి రాసినవే అన్నీ. బాబాయ్ టిఫిను అని రాసిన బిర్యానీ ముక్క గోరంత ఉంది. ఆకూవక్క వెంట్రుకంత.

వాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు గాని తెర చూడటం లేదు. చూసింది నా భుజం పక్కన నిలబడిన చెల్లెలు ఒక్కతే. చదివింది, నాయన వేళ్లవైపు చూసింది, నా చెవి దగ్గరికి వంగింది.

"అన్నా, ఆ డబ్బాలే బాగుండాయి. మళ్లీ పెట్టు."

తప్పు కనబడితే దిద్దకుండా నిద్రపట్టని మనిషిని నేను. బాగైన దాన్ని నా చేత్తో చెడగొట్టడం అదే మొదలు. పాత ఫాంటు పెట్టి, ఇది ఇప్పట్లో తేలేది కాదని అందరికీ చెప్పాను.

ఫీజు గడువుకు రెండు రోజుల ముందే కట్టాము. రసీదు చేతికొచ్చాక చార్టు బాగుచేసి చూపించాను. నాయన ఎర్ర ముక్క పక్కన వేలు పెట్టి చదివాడు.

"మరి నేను బీడీలు మానింది దేనికిరా?"

"మానినావు గదా, ఇంక అట్లనే ఉండు," అంది అమ్మ.

ఇప్పుడు చెల్లెలు నర్సు. నాయనమ్మ లేదు. మా అందరికీ ఎవరి ఫోన్ వారికి ఉంది, ఎవరి చార్టు వారికి ఉంది, ఒక్క అక్షరం కూడా చెదరదు. ఆ స్పష్టత చూసి సాంకేతికంగా సంతోషిస్తాను గాని, ఒకే తెర ముందు కూర్చుని, తనది కాని ముక్కను నాదేనని మీద వేసుకునే మనుషులు ఏ యాప్‌లోనూ కనపడరు. అప్పటి ఫైలు నా దగ్గర ఇంకా ఉంది. ఆ ఏడాది మా ఇంటికి వచ్చిన నీళ్ల ట్యాంకర్లు ముప్ఫై ఏడు.